పైథాన్ ఫంక్షన్లలో డిఫాల్ట్ విలువలు: ఎలా పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు

ఫంక్షన్‌ని పిలిచేవాళ్లు ఏదైనా ఆర్గ్యుమెంట్ ఇవ్వకుండా వదిలేస్తే, దాని బదులు వాడమని ముందే రాసిపెట్టే విలువే డిఫాల్ట్. రాయడానికి ఒక్క సమాన గుర్తు చాలు. చిక్కంతా ఆ తర్వాతే. ఆ విలువ ఎప్పుడు తయారవుతుందో తెలియకపోతే, ఎవరు మరచిపోతే ఏమవుతుందో ఆలోచించకపోతే, ప్రోగ్రాం ఎర్రర్ చూపించదు సరికదా, తప్పు జవాబును నిబ్బరంగా ఇస్తుంది. ఇక్కడ వివరమంతా పైథాన్‌లో ఉంది. జావాస్క్రిప్ట్, సీ++, జావా రాసేవాళ్లకు పనికొచ్చే తేడాలు చివర్లో ఉన్నాయి.

కోడ్ చదివేముందు ఒక మాట. డెఫ్, రిటర్న్, ఇఫ్, నన్ లాంటి పైథాన్ సొంత పదాలు, అపెండ్ లాంటి లైబ్రరీ పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో ఉన్నాయి. మీరు టైప్ చేసేటప్పుడు వాటిని ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి. మనం పెట్టుకున్న ఫంక్షన్ పేర్లు, పారామీటర్ (ఫంక్షన్ తీసుకునే విలువ) పేర్లు మాత్రం ఉన్నవి ఉన్నట్టు తెలుగులో కొట్టినా పైథాన్ 3 ఒప్పుకుంటుంది. అయితే పొల్లు తర్వాతి అక్షరం ఒత్తుగా మారకుండా కీబోర్డు చొప్పించే కనబడని గుర్తు ఒకటుంది. అది పేరు మధ్యలో పడితే సింటాక్స్ ఎర్రర్ వస్తుంది, ఎక్కడుందో కంటికి ఆనదు. అలాంటి చోట పేరును అండర్‌స్కోర్‌తో విడగొట్టండి.

1. తప్పనిసరివి ముందు, డిఫాల్ట్ ఉన్నవి వెనక

```
డెఫ్ బిల్లు(ధర, సంఖ్య=1, తగ్గింపు=0):
    మొత్తం = ధర * సంఖ్య
    రిటర్న్ మొత్తం - మొత్తం * తగ్గింపు / 100
```

ధర లేకుండా బిల్లు లేదు, కాబట్టి దానికి డిఫాల్ట్ లేదు. సంఖ్య చెప్పకపోతే ఒకటి. తగ్గింపు చెప్పకపోతే సున్నా శాతం.

```
బిల్లు(50)          → 50.0
బిల్లు(50, 5)       → 250.0
బిల్లు(50, 5, 10)   → 225.0
బిల్లు()            → టైప్ ఎర్రర్: ధర ఇవ్వలేదు
```

డిఫాల్ట్ ఉన్న పారామీటర్ తర్వాత డిఫాల్ట్ లేనిది రాకూడదు. `డెఫ్ బిల్లు(సంఖ్య=1, ధర)` అని రాస్తే ఫైలు నడవడమే మొదలవదు, సింటాక్స్ ఎర్రర్‌తో ఆగిపోతుంది. కారణం తేలికే. `బిల్లు(50)` అన్నప్పుడు ఆ 50 సంఖ్యా, ధరా అని పైథాన్ తేల్చుకోలేదు. ఈ ఎర్రర్ మాటలు 3.12 నుంచి కాస్త మారాయి. పాత వెర్షన్‌లో వెతికి పట్టుకున్న సందేశం కొత్తదాంట్లో అక్షరాలా కనబడకపోతే కంగారు పడకండి, విషయం అదే.

రాసే పద్ధతి: టైప్ చెప్పనప్పుడు సమాన గుర్తుకు అటూఇటూ ఖాళీ వదలకండి, `సంఖ్య=1`. టైప్ చెబితే వదలండి, `సంఖ్య: ఇంట్ = 1`. పైథాన్ కోడ్ శైలికి ప్రామాణికమైన పెప్ 8 చెప్పేది ఇదే.

2. పేరు పెట్టి ఇవ్వడం అలవాటు చేయండి, అవసరమైతే బలవంతం చేయండి

సంఖ్యను వదిలేసి తగ్గింపు ఒక్కటే ఇవ్వాలంటే పేరుతో ఇవ్వాలి: `బిల్లు(50, తగ్గింపు=10)`. జవాబు 45.0. పేరు మరచిపోయి `బిల్లు(50, 10)` అన్నారనుకోండి, పది శాతం తగ్గింపు కాస్తా పది వస్తువులై 500.0 వస్తుంది. రెండూ అంకెలే, పైథాన్‌కు అనుమానం రావడానికి ఏమీ లేదు. ఇలాంటి తప్పు కోడ్ చదివేటప్పుడు కూడా దొరకదు, ఎందుకంటే `బిల్లు(50, 10)` చూడ్డానికి సరిగ్గానే ఉంటుంది.

దీనికి మందు నక్షత్రం గుర్తు:

```
డెఫ్ బిల్లు(ధర, సంఖ్య=1, *, తగ్గింపు=0):
```

నక్షత్రం తర్వాత ఉన్నవాటిని పేరుతో మాత్రమే ఇవ్వగలరు. ఇప్పుడు `బిల్లు(50, 5, 10)` అంటే టైప్ ఎర్రర్. ఒకే రకం విలువలు తీసుకునే పారామీటర్లు పక్కపక్కన ఉన్నా, ట్రూ/ఫాల్స్ తీసుకునేవి ఉన్నా వాటిని నక్షత్రం తర్వాతకు నెట్టండి. `పంపు(సందేశం, ట్రూ, ఫాల్స్)` అనే లైన్ చూసి అందులో ట్రూ దేనికో ఎవరు చెప్పగలరు?

ఇంకో లాభం: నక్షత్రం తర్వాత ఉన్న పారామీటర్ల వరుసను రేపు మార్చినా, మధ్యలో కొత్తది చేర్చినా పాత కాల్స్ చెడిపోవు. వరుసతో ఇచ్చే వాటి మధ్యలో కొత్తది దూరిస్తే మాత్రం పాత కాల్స్ అన్నీ ఒక స్థానం జరిగిపోతాయి. అందుకే పాత ఫంక్షన్‌కు కొత్త ఐచ్ఛిక పారామీటర్ చేర్చాల్సి వస్తే ఎప్పుడూ చివర, వీలైతే నక్షత్రం తర్వాత చేర్చండి.

3. డిఫాల్ట్ ఎప్పుడు తయారవుతుందో గుర్తుంచుకోండి

చాలామంది పప్పులో కాలేసే చోటు ఇది. సమాన గుర్తుకు కుడివైపు ఉన్నదాన్ని పైథాన్ ఫంక్షన్‌ని పిలిచిన ప్రతిసారీ లెక్కగట్టదు. డెఫ్ లైన్ అమలైనప్పుడు, ఒకే ఒక్కసారి లెక్కగట్టి ఫంక్షన్‌తోపాటే దాచిపెడుతుంది. అంకెలు, స్ట్రింగులైతే ఈ తేడా పట్టదు. లిస్ట్ పెట్టి చూడండి:

```
డెఫ్ చేర్చు(సరుకు, బుట్ట=[]):
    బుట్ట.అపెండ్(సరుకు)
    రిటర్న్ బుట్ట

చేర్చు('బియ్యం')       → ['బియ్యం']
చేర్చు('కందిపప్పు')    → ['బియ్యం', 'కందిపప్పు']
```

రెండో గిరాకీ బుట్టలోకి మొదటి గిరాకీ బియ్యం వచ్చిపడ్డాయి. `బుట్ట=[]` ప్రతిసారీ కొత్త ఖాళీ లిస్ట్ ఇస్తుందని అనుకున్నాం. నిజానికి ఉన్నది ఒకటే లిస్ట్, రెండు కాల్స్ కూడా దాన్నే వాడాయి. ఆ లిస్ట్ ఎక్కడుందో చూడాలంటే `చేర్చు.__డిఫాల్ట్స్__` అని ప్రింట్ చేయండి. బియ్యం, కందిపప్పు రెండూ అందులోనే కూర్చుని ఉంటాయి. నక్షత్రం తర్వాత వచ్చే పారామీటర్ల డిఫాల్ట్‌లు మాత్రం వేరే చోట, `__కేడబ్ల్యూడిఫాల్ట్స్__` అనే డిక్షనరీలో ఉంటాయి.

ఈ బగ్ పైకి కనబడే తీరు తెలిస్తే తొందరగా పట్టుకోవచ్చు. ఏ టెస్ట్‌కు ఆ టెస్ట్ విడిగా నడిపితే పాసవుతుంది, అన్నీ కలిపి నడిపితే ఒకటి రెండు ఫెయిలవుతాయి. సర్వర్‌లో మొదటి రిక్వెస్ట్ బాగుంటుంది, తర్వాతివి పాడవుతాయి. సర్వర్ రీస్టార్ట్ చేస్తే ‘బాగైపోతుంది’, మళ్లీ మొదలవుతుంది. నాలుగు వర్కర్ ప్రాసెస్‌లు నడుస్తుంటే ఒక్కోదానికి ఒక్కో లిస్ట్ ఉంటుంది కాబట్టి, రిక్వెస్ట్ ఏ వర్కర్‌కు వెళ్లిందన్నదాన్ని బట్టి తప్పు ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు. ఈ లక్షణాల్లో ఏ ఒక్కటి కనిపించినా డెఫ్ లైన్లలో `=[]`, `={}`, `=సెట్()` కోసం వెతకండి.

డిఫాల్ట్‌గా ధైర్యంగా పెట్టదగినవి: అంకెలు, స్ట్రింగులు, ట్రూ, ఫాల్స్, నన్ (‘విలువ లేదు’ అనే గుర్తు), టపుల్ (తయారయ్యాక మార్చలేని లిస్ట్ లాంటిది). లిస్ట్‌ను చదవడానికే తప్ప మార్చేది లేకపోతే దాని బదులు టపుల్ రాయండి, `రకాలు=('నగదు', 'యూపీఐ')` అన్నట్టు. టపుల్ లోపల మళ్లీ లిస్ట్ పెడితే కథ మొదటికే వస్తుంది.

4. లిస్ట్ కావాలంటే నన్ పెట్టి లోపల తయారు చేయండి

```
డెఫ్ చేర్చు(సరుకు, బుట్ట=నన్):
    ఇఫ్ బుట్ట ఈజ్ నన్:
        బుట్ట = []
    బుట్ట.అపెండ్(సరుకు)
    రిటర్న్ బుట్ట
```

ఇఫ్ కింద ఉన్న `[]` ఫంక్షన్ పిలిచిన ప్రతిసారీ అమలవుతుంది, అందుకే ప్రతిసారీ కొత్త లిస్ట్.

రెండు లైన్లు ఎందుకని `బుట్ట = బుట్ట ఆర్ []` అని కుదించేవాళ్లున్నారు. వద్దు. పైథాన్‌కు ఖాళీ లిస్ట్, సున్నా, ఖాళీ స్ట్రింగ్ అన్నీ నన్ లాగే ‘కాదు’ కిందికి వస్తాయి. పిలిచేవాళ్లు తమ ఖాళీ బుట్టను ఇచ్చి, అందులో ఉప్పు చేర్చమన్నారనుకోండి. ఫంక్షన్ ఆ బుట్టను పక్కన పడేసి కొత్తదాంట్లో ఉప్పు వేస్తుంది. వాళ్ల బుట్ట ఖాళీగానే మిగులుతుంది. అంకెలతో ఇంకా ఘోరం: `తగ్గింపు = తగ్గింపు ఆర్ 10` అని ఉంటే, కావాలని తగ్గింపు సున్నా అని ఇచ్చినవాళ్లకు కూడా పది శాతం తగ్గించేస్తుంది. ‘ఈజ్ నన్’ అని సూటిగా అడగడమే పద్ధతి.

నన్ అనేదే అర్థమున్న విలువ అయిన చోట్లు కొన్నుంటాయి. ఖాతాదారు వివరాలు మార్చే ఫంక్షన్‌లో ఫోన్ నన్ అని ఇస్తే ‘ఉన్న నంబరు తీసేయి’ అని అర్థం, అసలు ఇవ్వకపోతే ‘నంబరు జోలికి వెళ్లకు’ అని అర్థం. ఈ రెండింటినీ వేరు చేయాలంటే మీకంటూ ఒక ప్రత్యేక గుర్తు కావాలి:

```
ఇవ్వలేదు = ఆబ్జెక్ట్()

డెఫ్ మార్చు(ఖాతా, *, ఫోన్=ఇవ్వలేదు):
    ఇఫ్ ఫోన్ ఈజ్ నాట్ ఇవ్వలేదు:
        ఖాతా['ఫోన్'] = ఫోన్
```

`ఆబ్జెక్ట్()` తో తయారైన వస్తువు ప్రపంచంలో అదొక్కటే. బయటివాళ్లు పొరపాటున కూడా దాన్ని ఇవ్వలేరు.

డేటాక్లాస్ (ఫీల్డ్‌ల జాబితా ఇస్తే మిగతాది పైథానే రాసిపెట్టే క్లాస్) వాడుతుంటే ఈ విషయంలో పైథాన్ మిమ్మల్ని ముందే ఆపుతుంది. ఫీల్డ్‌కు `[]` డిఫాల్ట్ ఇస్తే క్లాస్ తయారవకుండానే వాల్యూ ఎర్రర్ వస్తుంది, `డిఫాల్ట్_ఫ్యాక్టరీ` వాడమని ఆ ఎర్రరే చెబుతుంది. `ఫీల్డ్(డిఫాల్ట్_ఫ్యాక్టరీ=లిస్ట్)` అని రాయండి. లిస్ట్ పక్కన బ్రాకెట్లు పెట్టకండి. అక్కడ ఇవ్వాల్సింది తయారుచేసే పద్ధతిని, తయారైన లిస్ట్‌ని కాదు.

5. తేదీ, సమయం, సెట్టింగులు

```
డెఫ్ రసీదు(మొత్తం, తేదీ=డేట్.టుడే()):
```

మీ కంప్యూటర్‌లో ఇది ఎన్నిసార్లు నడిపినా సరిగ్గానే ఉంటుంది, ఎందుకంటే ప్రోగ్రాం ప్రతిసారీ కొత్తగా మొదలవుతుంది. సర్వర్‌లో సోమవారం మొదలుపెట్టి వదిలేస్తే గురువారం రసీదు మీద కూడా సోమవారం తేదీయే పడుతుంది. ఇక్కడా అదే మందు: `తేదీ=నన్` అని పెట్టి, లోపల నన్ అయితే `డేట్.టుడే()` పిలవండి. యాదృచ్ఛిక అంకెలు, కొత్త ఐడీలు తయారుచేసే ఏ కాల్ అయినా ఇంతే. డెఫ్ లైన్‌లో సమాన గుర్తు తర్వాత బ్రాకెట్లున్న కాల్ కనబడితే ఒక్క క్షణం ఆగి చూడాలి.

సెట్టింగుల విషయంలో ఇదే తప్పు ఇంకో వేషంలో వస్తుంది. పైన `పరిమితి = 100` అని ఉంది, కింద `డెఫ్ వెతుకు(మాట, ఎన్ని=పరిమితి)` అని ఉంది. తర్వాత సెట్టింగుల ఫైలు చదివి `పరిమితి = 500` చేశారు. వెతుకు ఇంకా వందే ఇస్తుంది. డెఫ్ లైన్ అమలైన వేళ పరిమితి విలువ వంద, ఫంక్షన్ దాచుకున్నది దాన్నే.

ఒక పారామీటర్ డిఫాల్ట్‌గా పక్క పారామీటర్‌ని వాడదామన్నా కుదరదు. `డెఫ్ గది(పొడవు, వెడల్పు=పొడవు)` అంటే నేమ్ ఎర్రర్. అంతకంటే ప్రమాదం, ఫైలులో పైన ఎక్కడో `పొడవు` అనే పేరు ఇప్పటికే ఉండటం. అప్పుడు ఎర్రర్ కూడా రాదు, ఆ పాత విలువ వెడల్పుగా స్థిరపడిపోతుంది. మళ్లీ నన్ దారే పట్టండి.

ఒకేసారి లెక్కగట్టే ఈ గుణం పనికొచ్చే చోటు కూడా ఉంది. లూప్‌లో లామ్డా అనే పేరులేని చిన్న ఫంక్షన్లు తయారు చేసేటప్పుడు:

```
ఫర్ అంకె ఇన్ రేంజ్(3):
    పనులు.అపెండ్(లామ్డా: అంకె)
```

తర్వాత మూడింటినీ పిలిస్తే 2, 2, 2 వస్తాయి, ఎందుకంటే అవి పిలిచినప్పుడు అంకె ఎంతుందో చూస్తాయి. `లామ్డా అంకె=అంకె: అంకె` అని రాస్తే ఏ చుట్టులో ఉన్న విలువ ఆ చుట్టులోనే డిఫాల్ట్‌గా పట్టుబడి 0, 1, 2 వస్తాయి. విండోలో బటన్ల వరుస పెట్టేటప్పుడు, ఏ బటన్ నొక్కినా చివరిదే పనిచేస్తోందంటే దిద్దాల్సింది ఇదే.

6. ఏ విలువ పెట్టాలి, అసలు పెట్టాలా వద్దా

డిఫాల్ట్ పెట్టడమంటే, మరచిపోయినవాళ్ల తరఫున మనం నిర్ణయం తీసుకోవడం. కాబట్టి అడగాల్సిన ప్రశ్న ‘ఎక్కువమంది ఏమిస్తారు’ అని మాత్రమే కాదు, ‘ఇవ్వడం మరచిపోతే ఏం నష్టం’ అని. బిల్లులో సంఖ్య ఒకటి అనుకోవడం సబబే. మరి పన్ను?

`డెఫ్ పన్ను(ధర, జీఎస్టీ=12)` అని ఒక సాఫ్ట్‌వేర్‌లో ఉందనుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం శ్లాబులోని సరుకుల్లో ఎక్కువ భాగం 5 శాతానికి మారాయి, 28 శాతంలో ఉన్నవాటిలో ఎక్కువ భాగం 18కి వచ్చాయి. ఆ రోజు ఈ ఫంక్షన్ ఆగదు, అరవదు. రేటు ఇవ్వని ప్రతి కాల్ దగ్గరా తప్పు బిల్లు కొడుతూనే ఉంటుంది. డిఫాల్ట్ లేకుండా `డెఫ్ పన్ను(ధర, *, జీఎస్టీ)` అని ఉంటే, రేటు ఎక్కడెక్కడి నుంచి వస్తోందో ప్రతి కాల్‌లో కనబడుతుంది. మరచిపోతే టైప్ ఎర్రర్ వస్తుంది. నక్షత్రం తర్వాత డిఫాల్ట్ లేని పారామీటర్ కూడా పెట్టొచ్చు, అప్పుడది పేరుతో తప్పక ఇవ్వాల్సినది అవుతుంది. ప్రభుత్వం మార్చే రేట్లు, కరెన్సీ, టైమ్‌జోన్, ఎవరి ఖాతా, ఏ డేటాబేస్ అన్నవాటికి డిఫాల్ట్ లేకపోవడమే మేలు.

తొలగించడం, డబ్బు పంపడం, మెసేజ్‌లు పంపడం లాంటి వెనక్కి తీసుకోలేని పనులకు డిఫాల్ట్ జాగ్రత్త వైపు ఉండాలి: `డెఫ్ పాతవి_తొలగించు(ఫోల్డర్, *, నిజంగా=ఫాల్స్)`. ఏమీ చెప్పకపోతే ఏమేం తొలగిస్తుందో జాబితా చూపి ఊరుకుంటుంది.

ట్రూ/ఫాల్స్ పారామీటర్లకు డిఫాల్ట్ ఫాల్స్ అయ్యేలా పేరు ఎంచుకోండి. కానీ దానికోసం ‘చూపించకు’ లాంటి వ్యతిరేక పేర్లు పెట్టొద్దు; `చూపించకు=ఫాల్స్` అని చదివినప్పుడు బుర్ర రెండుసార్లు తిరగాలి.

పేరున్న లైబ్రరీలు కూడా ఈ విషయంలో దెబ్బతిని దిద్దుకున్నాయి. వైఏఎంఎల్ ఫైళ్లు చదివే పైయామ్ల్‌లో `లోడ్` ఫంక్షన్‌కు ఒకప్పుడు లోడర్ చెప్పకపోయినా నడిచేది. ఆ డిఫాల్ట్ లోడర్‌తో, బయటినుంచి వచ్చిన ఫైలు మన కంప్యూటర్‌లో కోడ్ నడిపించే అవకాశం ఉండేది. 5.1లో హెచ్చరిక పెట్టారు, 6.0 నుంచి లోడర్ ఇవ్వడం తప్పనిసరి చేశారు. నెట్ నుంచి తెచ్చే రిక్వెస్ట్స్ లైబ్రరీలో టైమౌట్‌కు ఇప్పటికీ డిఫాల్ట్ పరిమితి లేదు. అవతలి సర్వర్ జవాబివ్వకపోతే మీ ప్రోగ్రాం అలా కూర్చునే ఉంటుంది. ప్రతి కాల్‌లో `టైమౌట్=10` అని ఇవ్వండి. అది మొత్తం డౌన్‌లోడ్‌కు పది సెకన్ల పరిమితి కాదు. అవతలినుంచి ఏమీ రాకుండా ఎంతసేపు ఎదురుచూడాలన్నది.

7. తెలుగు డేటాతో పనిచేసేవాళ్లు మార్చక తప్పని రెండు డిఫాల్ట్‌లు

మొదటిది ఫైలు తెరిచే `ఓపెన్`. దీని ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి) పారామీటర్ డిఫాల్ట్ నన్. అంటే ‘ఈ కంప్యూటర్ ఏది వాడితే అది’. లినక్స్, మ్యాక్‌లలో సాధారణంగా అది యూటీఎఫ్-8. మన దగ్గరి విండోస్ కంప్యూటర్లలో తరచూ సీపీ1252. యూటీఎఫ్-8లో దాచిన తెలుగు ఫైలును దాంతో తెరిస్తే ‘సీత’ అన్న పేరు ఎర్రర్ లేకుండా అర్థంలేని యూరప్ అక్షరాలుగా మారుతుంది. ‘రాము’ దగ్గర మాత్రం యూనికోడ్ డీకోడ్ ఎర్రర్ వచ్చి ప్రోగ్రాం ఆగిపోతుంది. తేడా ఎక్కడంటే, కొమ్ము యూటీఎఫ్-8లో 81 అనే హెక్స్ బైట్‌తో, పొల్లు 8డీతో ముగుస్తాయి. సీపీ1252లో ఆ రెండు స్థానాలూ ఖాళీ. అందుకే కొమ్ముగానీ ఒత్తుగానీ ఉన్న మాట రాగానే ఆగుతుంది. ‘పది పేర్లు బాగానే చదివింది, పదకొండోది దగ్గర పోయింది’ అనే ఫిర్యాదు చాలావరకు ఇదే. చదివేటప్పుడూ రాసేటప్పుడూ `ఎన్‌కోడింగ్='యూటీఎఫ్-8'` అని తప్పక ఇవ్వండి (విలువ ఇంగ్లిష్ అక్షరాల్లో). పైథాన్ 3.15 నుంచి ఈ డిఫాల్టే యూటీఎఫ్-8గా మారేలా నిర్ణయం జరిగింది. అయినా మీ కోడ్ పాత వెర్షన్లలోనూ నడుస్తుంది కాబట్టి రాసి ఉంచడం మంచిది.

రెండోది, డేటాను జేసన్ రూపంలోకి మార్చే `జేసన్.డంప్స్`. ఇందులో `ఎన్ష్యూర్_ఆస్కీ` డిఫాల్ట్ ట్రూ. దానివల్ల ‘త’ అన్న ఒక్క అక్షరం బ్యాక్‌స్లాష్, యూ, 0సీ24 అనే ఆరు అక్షరాల గొలుసుగా బయటికొస్తుంది. డేటా చెడిపోలేదు, తిరిగి చదివితే తెలుగే వస్తుంది. కానీ ఫైలు తెరిచి చూసే మనిషికి పనికిరాదు, సైజు కూడా పెరుగుతుంది. `ఎన్ష్యూర్_ఆస్కీ=ఫాల్స్` ఇచ్చి, ఫైలును యూటీఎఫ్-8లో తెరిచి రాయండి. ఒకటి చేసి రెండోది మరిస్తే, విండోస్‌లో ఈసారి ఎన్‌కోడ్ ఎర్రర్ వస్తుంది.

8. ఉన్న డిఫాల్ట్‌ను మార్చేటప్పుడు

తగ్గింపు డిఫాల్ట్‌ను 0 నుంచి 5కి మార్చడం ఒక్క అక్షరం పనే. కానీ తగ్గింపు ఇవ్వకుండా పిలిచిన ప్రతి చోటా ప్రవర్తన మారిపోతుంది, అక్కడ ఒక్క అక్షరం కూడా మారకుండానే. ముందు కాల్స్ అన్నీ వెతికి, ఆ ఆర్గ్యుమెంట్ ఇవ్వని చోట పాత విలువను పేరుతో రాయండి. ఆ తర్వాత డిఫాల్ట్ మార్చండి. బయటివాళ్లు వాడే లైబ్రరీ అయితే ఒక వెర్షన్ పాటు హెచ్చరిక ఇచ్చి, తర్వాతి పెద్ద వెర్షన్‌లో మార్చాలి.

ఒక ఫంక్షన్ ఇంకోదాన్ని పిలిచే చోట రెండింటిలోనూ అదే డిఫాల్ట్ రాయడం కూడా తలనొప్పే. లోపలిదాంట్లో 5 చేశారు, బయటిదాంట్లో 0 ఉండిపోయింది. బయటిది ప్రతిసారీ 0 పంపుతుంది కాబట్టి మీ మార్పు ఎక్కడా కనబడదు. విలువను ఒక్క చోట కాన్‌స్టెంట్‌గా పెట్టి రెండు డెఫ్ లైన్లలో దాన్నే వాడండి. క్లాసుల్లో తల్లి మెథడ్‌కు ఒక డిఫాల్ట్, పిల్ల మెథడ్‌కు ఇంకొకటి పెట్టడమూ ఇలాంటిదే, మానేయండి.

వేరే భాషల్లో

జావాస్క్రిప్ట్‌లో డిఫాల్ట్‌లు 2015 ప్రమాణంతో వచ్చాయి. అక్కడ డిఫాల్ట్ ప్రతి కాల్‌కీ కొత్తగా లెక్కగట్టబడుతుంది, కాబట్టి ఖాళీ అరే (అక్కడి లిస్ట్) పెట్టినా బుట్ట బగ్ రాదు. ముందున్న పారామీటర్‌ని తర్వాతిది వాడుకోవచ్చు కూడా. చూసుకోవాల్సిందల్లా ఇది: అన్‌డిఫైన్డ్ ఇస్తేనే డిఫాల్ట్ వర్తిస్తుంది, నల్ ఇస్తే వర్తించదు. డేటాబేస్ నుంచి వచ్చిన నల్ నేరుగా ఫంక్షన్‌లోకి పోతుంది.

సీ++లో డిఫాల్ట్‌ను హెడర్‌లోని డిక్లరేషన్‌లో రాసి, డెఫినిషన్‌లో మళ్లీ రాయకూడదు. రాస్తే కంపైలర్ ఒప్పుకోదు. వర్చువల్ ఫంక్షన్‌లో నడిచేది పిల్ల క్లాస్ కోడే అయినా, డిఫాల్ట్ మాత్రం పాయింటర్ ఏ టైప్‌గా ప్రకటించారో ఆ క్లాస్‌ది వస్తుంది. సీ షార్ప్‌లో డిఫాల్ట్ విలువ పిలిచే కోడ్‌లోకి కంపైల్ సమయంలోనే చేరిపోతుంది. లైబ్రరీని మార్చి డీఎల్ఎల్ ఒక్కటే కొత్తది పెడితే పాత విలువే నడుస్తుంది, పిలిచే ప్రోగ్రాంను కూడా మళ్లీ కంపైల్ చేయాలి.

జావాలో, గోలో, రస్ట్‌లో డిఫాల్ట్ పారామీటర్లు లేవు. జావావాళ్లు అదే పేరుతో తక్కువ పారామీటర్లున్న మెథడ్ రాసి, అందులోంచి పూర్తిదాన్ని పిలుస్తారు. కోట్లిన్‌లో ఉన్నాయి.

ఉన్న కోడ్‌ను జల్లెడ పట్టడం

కోడ్‌లో తప్పులు వెతికే టూల్ పైలింట్‌లో డబ్ల్యూ0102 అనే హెచ్చరిక లిస్ట్, డిక్షనరీ డిఫాల్ట్‌లను పట్టిస్తుంది. అలాంటి ఇంకో టూల్ రఫ్ వాడితే బీ006 లిస్ట్‌ల కోసం, బీ008 డెఫ్ లైన్‌లో ఉన్న ఫంక్షన్ కాల్స్ కోసం. రఫ్ సెట్టింగుల్లో బీ నియమాలను మీరే చేర్చాలి. టూల్ చూపించిన ప్రతిదాన్నీ గుడ్డిగా నన్‌కు మార్చకండి. కొన్ని పాత ఫంక్షన్లు `జ్ఞాపకం={}` అని పెట్టి, కాల్స్ మధ్య లెక్కలు గుర్తుంచుకోవడానికి కావాలనే అలా రాసినవై ఉంటాయి. వాటిని మారిస్తే జవాబు తప్పు రాదు గానీ ప్రోగ్రాం నెమ్మదిస్తుంది. అక్కడ ఫంక్‌టూల్స్‌లోని `ఎల్ఆర్‌యూ_క్యాష్` పెట్టండి.

దిద్దిన ప్రతి ఫంక్షన్‌కూ ఒక చిన్న టెస్ట్ చేర్చండి: ఐచ్ఛిక ఆర్గ్యుమెంట్ ఇవ్వకుండా వరుసగా రెండుసార్లు పిలిచి, రెండో జవాబులో మొదటిదాని ఆనవాలు లేదని చూడండి. తర్వాత ఖాళీ లిస్ట్‌ను మీరే ఇచ్చి పిలిచి, చేర్చిన సరుకు మీ లిస్ట్‌లోకే వచ్చిందో లేదో చూడండి. మొదటి టెస్ట్ `=[]` తప్పును పట్టుకుంటుంది, రెండోది `ఆర్ []` తప్పును.